జింకలకని కొన్న ఝట్కా మిషన్, ఒక పంట అయినంక రాస్తున్నా

మాది ఆలూరు పక్క, నాలుగెకరాల నల్లరేగడి, పప్పుశెనగ పెడతాం. మొలక బెత్తెడు లేచిందంటే చాలు, తెల్లారేసరికి ముప్పై నలభై జింకలు దిగి చిగుర్లు కొరికేసి పోతాయి. పోయినేడు రెండోసారి విత్తనం కొనాల్సొచ్చింది. ఇట్ల కాదని ఈసారి కర్నూల్లో ఒక షాపులో సోలార్ ఝట్కా మిషన్, అంటే చేను చుట్టూ కట్టిన వైర్లకు కరెంటు దెబ్బ ఇచ్చే డబ్బా, తెచ్చినా. షాపు పేరు మాత్రం రాయను.

డబ్బా, 12 వోల్టుల బ్యాటరీ, ప్యానెల్ కలిపి 11,500. షాపాయన చెప్పిన రేటు అంతే. వైరు, ఇన్సులేటర్లు, కర్రలు, కూలీ కలిపితే ఇంకో 18 వేలు అయింది, అది మాత్రం ఇంటికొచ్చినంక తెలిసింది.

డబ్బా మీద బొమ్మ చూస్తే నవ్వొస్తాది, కొమ్మలు కొమ్మలుగా పెద్ద కొమ్ములున్న చలిదేశం దుప్పి. మన కృష్ణ జింకకు మెలికలు తిరిగిన కొమ్ములు, అవి ఊడవు, దుప్పులకైతే ఏటా ఊడి మళ్ళీ వస్తాయి, అసలు ఆ జాతే వేరు. ఆ బొమ్మ చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది, ఈయప్ప మన జింకను ఎప్పుడూ చూడలేదని.

ఎట్ల పనిచేస్తాదంటే, సెకనుకొకసారి టక్ టక్ మని వైర్లో దెబ్బ వస్తాది, వోల్టేజీ వేలల్లో ఉంటాది కానీ కన్నుమూసి తెరిచేలోపే అయిపోతాది కాబట్టి జంతువు చావదు, బెదిరి పోతాది. కొంతమంది మోటరు కరెంటే నేరుగా వైర్లకు ఇస్తారు చూడండి, దయచేసి ఆ పని చేయొద్దు, రాత్రి నీళ్ళు కట్టను పోయిన మనిషే పోతాడు. పైగా కృష్ణ జింక మన రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, చంపితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల జైలు.

మొదటి రెండు వారాలు దండగ. జింకలు వైరుకు మూతి తగిలించి, తల అట్ల విదిలించి, లోపలికే వచ్చినాయి. షాపుకు ఫోన్ చేస్తే మిషన్ బాగానే ఉందన్నా అంటాడు. నిజమే, మిషన్ బాగానే ఉంది, ఎర్తింగే లేదు. దెబ్బ తగలాలంటే కరెంటు జింక ఒంట్లోంచి భూమిలోకి దిగి, రాడ్డు గుండా మళ్ళీ డబ్బాకు చేరాలి, మా రేగడేమో పైన ఎండి బీటలిచ్చింది, వాళ్ళిచ్చింది అడుగు పొడుగు రాడ్డు ఒకటి. ఊర్లో మోటర్లు బాగుచేసే అబ్బి వచ్చి ఐదడుగుల రాడ్లు మూడు దూరం దూరంగా దిగ్గొట్టి, బొగ్గూ ఉప్పూ పోసి నీళ్ళు పోయించినాడు. నాలుగు వరసల్లో ఒకదాన్ని ఎర్త్ వైరుగా కూడా మార్చినాడు, రెండూ ఒకేసారి తగిల్తే భూమి ఎండినా దెబ్బ పడతాది. షాపాయన ఇది మొదటిరోజే చెప్పుంటే నాకు అరెకరం మిగిలేది.

ఇంకొకటి, జింక అంటే చెంగున దూకుతాది అనుకుంటాం కదా, బెదిరితే దూకుతాది, కానీ మేతకొచ్చినప్పుడు మాత్రం వంగి కింద సందులోనుంచే దూరింది, నా కండ్లతో చూసినా. కింది వైరు అడుగున్నర ఎత్తులో ఉండేది, తొమ్మిది అంగుళాలకు దింపినా. దింపితే ఇంకో బాధ, గడ్డి తగిల్తే కరెంటంతా దాంట్లోకే దిగిపోతాది, పది రోజులకొకసారి గట్టు చెక్కాల్సిందే.

ఇవన్నీ అయినంక జింకలు నా చేన్లోకి రాలేదు, అది ఒప్పుకోవాల.

ఇదే మిషన్‌తో తోడేళ్ళు కూడా రావు అని అమ్మినాడు. తోడేలు రావొద్దని నేనెప్పుడు అడిగినానప్పా? శెనగ తినేది తోడేలా? అది ఉంటేనే జింకకు కొంచెం భయం. అమెరికాలో ఐల్ రాయల్ అని సరస్సు మధ్య దీవి ఉందంట, 1958 నుంచి అక్కడ తోడేళ్ళనూ, మూస్ అని గుర్రమంత దుప్పులనూ లెక్కేస్తున్నారు, తోడేళ్ళు రెండే మిగిలేసరికి మూస్‌లు పెరిగి చెట్లను బోడి చేసినాయి, చివరికి 2018లో బయటినుంచి తోడేళ్ళను తెచ్చి వదిలినారు. మా దగ్గర ఆ మాట జీవాలు మేపే మా చిన్నాయన ముందర అంటే కట్టె తీసుకుంటాడు, మందలో పిల్లల్ని ఎత్తుకపోతే ఆయన బాధ ఆయనది.

నంద్యాల జిల్లా రోళ్ళపాడు సంగతి తెలిసిందే కదా, 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెడితే పక్షి కనపడకుండా పోయింది, జింకలు పెరిగి చుట్టుపక్కల చేన్లమీద పడినాయి. మా నాయన కాలంలో గట్ల చుట్టూ కుసుమలు చల్లేటోళ్ళు, ఆ ముండ్లకు పశువులు దూరేవి కావు, గింజలు నూనెకు వచ్చేవి, కరెంటూ లేదు బ్యాటరీ లేదు. వచ్చేసారి వైరు బయట రెండు సాళ్ళు కుసుమ కూడా వేస్తా.

మిషన్‌కు ఐదుకు మూడిస్తా, షాపుకు ఒకటి. నా చేన్లోంచి పోయిన మంద పక్కన మామ చేన్లో దిగింది, ఆయన సంక్రాంతి దాకా నాతో మాట్లాడలే. మొన్న వచ్చి డబ్బా ఎంతపడిందిరా అన్నాడు, రాడ్ల సంగతి మొదట చెప్పినా.