గెటిస్‌బర్గ్‌లో ఏది మేలు: గైడ్‌తో కారులోనా, రేంజర్ వెంట నడకా?

పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌కు న్యూజెర్సీ, వర్జీనియాల నుంచి మనవాళ్లు చాలామంది పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేస్తుంటారు. బానిసత్వం గొడవతో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడ్డ అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1 నుంచి 3 దాకా ఇక్కడ జరిగిన పోరులో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, బందీలైనవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి సుమారు 51,000 మంది. ఇప్పుడు అక్కడ 1,300కు పైగా స్మారకాలున్నాయి. వాటిలో నాలుగైదింటి దగ్గర ఫోటోలు దిగి వెనక్కొచ్చేస్తే ఏమీ చూడనట్టే. చెప్పేవాళ్లు పక్కనుండాలి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే ఆలోచించక్కర్లేదు, లైసెన్సున్న గైడ్‌ను పెట్టుకోండి. ఈ పద్ధతి 1915 నుంచీ ఉంది. రాతపరీక్ష, మౌఖికపరీక్ష రెండూ నెగ్గినవాళ్లకే లైసెన్సు ఇస్తారు. గైడ్ మీ కారే తను నడుపుతూ రెండు గంటల్లో మూడు రోజుల యుద్ధాన్నీ వరుసగా చెప్తారు. డబ్బు మనిషికింత అని కాదు, బండికింత అని తీసుకుంటారు కాబట్టి కుటుంబానికి భారం కాదు. అన్నిటికంటే పెద్ద లాభం, మీ ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. పిల్లలు ఎన్నిసార్లు అడ్డుపడినా ఫర్వాలేదు.

పార్కు రేంజర్లు, అంటే అక్కడి పార్కు ఉద్యోగులు, వెంట ఉండి చూపించే నడకలు ఉచితం. అవి ఒక్క చోటునే, ఒక్క ఘట్టాన్నే పట్టుకుని సాగుతాయి. లిటిల్ రౌండ్ టాప్ గుట్టనే తీసుకోండి. రెండో రోజు అక్కడ కాపలా లేదని ఉత్తరాది జనరల్ వారెన్ గమనించడం, చివరి నిమిషంలో బలగాలు చేరడం, ఎడమ కొసన 20వ మెయిన్ దళం తూటాలు అయిపోతుంటే ఛాంబర్లెయిన్ నాయకత్వంలో బాయినెట్లతో (తుపాకీ కొసన బిగించే కత్తులతో) కిందికి దూకడం. కారు టూరులో దీనికి దొరికేది కాసేపే. నడకలో ఆ వాలు ఎంత నిటారుగా ఉందో మీ కాళ్లకే తెలుస్తుంది. కాకపోతే ఈ నడకలు ఎక్కువగా వేసవిలోనే ఉంటాయి. గుంపు పెద్దదైతే వెనకున్నవాళ్లకు సరిగా వినపడదు. మొత్తం యుద్ధం కూడా అర్థం కాదు.

ఫోన్‌లో యాప్ పెట్టుకుని, సుమారు 24 మైళ్ల కారు దారిలో సొంతంగా తిరగొచ్చు కూడా. రెండోసారి వెళ్లేవాళ్లకు అది చాలు. మొదటిసారికి వద్దంటాను.

ఏది ఎంచుకున్నా, దక్షిణాది జనరల్ పికెట్ పేరుతో పిలిచే దాడి జరిగిన పొలాన్ని మాత్రం నడిచే దాటాలి. మూడో రోజు మధ్యాహ్నం సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు దాదాపు కిలోమీటరున్నర దూరం ఆరుబయట, ఫిరంగులకు ఎదురు నడిచారు. కారులోంచి చూస్తే అది చదును నేల. దిగి నడిస్తే పల్లాలు బయటపడతాయి. ఒకచోట ఉత్తరాది సైన్యం నిలిచిన ఎదుటి గట్టు కనపడదు, నాలుగు అడుగులు వేయగానే మళ్లీ గుండెలకెదురుగా నిలబడుతుంది. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు కంచెలు ఎక్కుతూ ఎంతమంది కూలిపోయారో అక్కడ నిలబడితే ఊహకందుతుంది. టోపీని కత్తి మొనకు తగిలించుకుని రాతిగోడ దాటిన దక్షిణాది జనరల్ ఆర్మిస్టెడ్ అవతలి ఫిరంగుల మధ్య తీవ్రంగా గాయపడి పడిపోయాడు.

ఆ గట్టు మీదే ఏబ్రహాం బ్రయన్ అనే బానిస కాని, స్వతంత్రుడైన నల్లజాతి రైతు ఇల్లుంది. దక్షిణాది సేనాని లీ సైన్యం పెన్సిల్వేనియాలోకి వస్తూ నల్లవాళ్లను పట్టుకుని బానిసలుగా దక్షిణాదికి తరలించింది. బ్రయన్ కుటుంబం ముందే ఊరు వదిలిపోయింది. సైనికుల ధైర్యం ఒక్కటే చెప్పి బానిసత్వం ఊసెత్తని టూరు నా దృష్టిలో సగం టూరే. గైడ్ తనంతట తాను చెప్పకపోతే ఆ ఇల్లు చూపించమని మీరే అడగండి.

ఒక్కటే చెప్పమంటే నా ఓటు లైసెన్సు గైడ్‌కే. అయితే బుక్ చేసేటప్పుడే కొంత సమయం ఎక్కువ తీసుకుని, పికెట్ పొలంలో నడిపించమని చెప్పండి. నడవగల కుర్రాళ్లు వేసవిలో వెళ్తే మాత్రం రేంజర్ నడకే మేలు. ఆ రోజు కార్యక్రమాల పట్టిక విజిటర్ సెంటర్‌లో దొరుకుతుంది, ముందుగా అక్కడికే వెళ్లండి.

పొలంలో నీడ ఉండదు. జూలై ఎండలో అయితే ఉదయమే దాటేయండి. గడ్డిలో రక్తం పీల్చే టిక్ పురుగులుంటాయి కాబట్టి నిండు ప్యాంటు, బూట్లు వేసుకోండి.