బి.టెక్ తరువాత విదేశంలో వేరే వృత్తి: మాస్టర్స్ మేలా, ఆస్‌బిల్డుంగ్ మేలా?

ఇంజనీరింగ్ పూర్తి చేశాక ఆ రంగంలో కొనసాగడం ఇష్టంలేక, విదేశానికి వెళ్లి వంట, వడ్రంగం, నర్సింగ్, డిజైన్, బోధన లాంటి పనుల్లో స్థిరపడాలనుకునేవారు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: వేరే సబ్జెక్టులో మాస్టర్స్ చేయడం మంచిదా, లేక మొదటి మెట్టు నుంచి ఆ వృత్తినే నేర్చుకోవడం (జర్మనీలో దీన్ని ఆస్‌బిల్డుంగ్ అంటారు) మంచిదా? నేను మెకానికల్‌లో బి.టెక్ చదివి, మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఇప్పుడు జర్మనీలోని ఒక చిన్న పట్టణంలో వడ్రంగ శిక్షణ రెండో ఏడాదిలో ఉన్నాను. కనుక నా మొగ్గు ఎటో చదివేవారికి ముందే తెలిసిపోతుంది. అయినా నిర్ణయానికి ముందు రెండు దారులనూ దాదాపు ఏడాదిపాటు పరిశీలించాను కాబట్టి, ఆ లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయంలో అందరూ మొదట ఫీజులు చూస్తారు, తరువాత జీతాలు, ఆ తరువాత ఇంట్లోవాళ్లు ఏమంటారన్నది. ఇవన్నీ ముఖ్యమైనవే. అయితే నా దృష్టిలో నిర్ణయించేది మరొకటి ఉంది. ఆ దేశం మనకిచ్చే నివాస అనుమతి దేనికి ముడిపడి ఉందో అదే అసలు విషయం. ఇంజనీరింగ్ డిగ్రీ వల్ల వీసా వస్తే, చాలా దేశాల్లో ఆ వీసా మనల్ని ఇంజనీరింగ్‌కే కట్టేస్తుంది. వృత్తి మార్చుకోవాలని బయలుదేరినవారికి ఇంతకంటే పెద్ద చిక్కు లేదు. ఫీజు ఎక్కువైతే అప్పు చేసి తీర్చుకోవచ్చు, జీతం తక్కువైతే సర్దుకోవచ్చు, కానీ కోరుకున్న పని చేయడానికి అనుమతే లేకపోతే అంత దూరం వెళ్లిన కారణమే మిగలదు.

అమెరికాతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ముడి అక్కడే అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. ఎఫ్-1 వీసాపై చదివినవారు చదువు తరువాత ఓపీటీ అనే తాత్కాలిక అనుమతిపై చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. ఆ గడువు 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల వారికి మాత్రం మరో 24 నెలలు కలుస్తాయి. ఇష్టపడి రచననో, రంగస్థలాన్నో మాస్టర్స్‌గా తీసుకున్నవారికి ఆ 24 నెలలు రావు. మన బి.టెక్ స్టెమ్ డిగ్రీయే కదా అని కొందరు అడుగుతుంటారు. అదనపు గడువుకు పాత డిగ్రీని చూపించే వీలు ఉన్నా, అది అమెరికాలోని గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చినదై ఉండాలి కాబట్టి మన డిగ్రీ అక్కడ పనికిరాదు. ఆపై హెచ్-1బి ఉద్యోగ వీసా కావాలంటే ఉద్యోగానికి ప్రత్యేక డిగ్రీ అవసరమై ఉండాలి, ఆ డిగ్రీకీ ఉద్యోగానికీ సంబంధం కనిపించాలి, లాటరీలో పేరు కూడా రావాలి. బేకరీలో పనిచేయాలనుకునే ఇంజనీరుకు ఈ మెట్లలో ఒక్కటి కూడా ఎక్కే వీలు లేదు. వృత్తి మార్పే లక్ష్యమైనప్పుడు అమెరికాను నేను మొదటే పక్కన పెట్టాను.

బ్రిటన్ పరిస్థితి దీనికి భిన్నమైనది. అక్కడ ఏ డిగ్రీ చదివినవారైనా చేరగల కన్వర్షన్ మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. మనస్తత్వశాస్త్రం లాంటి కొత్త రంగానికి ఏడాదిలో పునాది వేసుకోవచ్చు. చదువు తరువాత గ్రాడ్యుయేట్ వీసాపై రెండేళ్లపాటు దాదాపు ఏ పనైనా చేయవచ్చు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే బ్యాచిలర్స్, మాస్టర్స్ విద్యార్థులకు ఈ గడువు 18 నెలలకు తగ్గుతుంది. ఇక్కడి వరకూ దారి విశాలంగానే ఉంటుంది. ఆ తరువాత ఉండిపోవాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. 2025 జూలై 22 నుంచి ఆ వీసాకు సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు అయింది, పని స్థాయి కూడా డిగ్రీకి సమానంగా ఉండాలన్న నియమం వచ్చింది. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి జీతం పరిమితి కొంత తగ్గినా, పని స్థాయి నియమం మాత్రం తగ్గదు. దాంతో హోటల్ వంటవారి పని ఆ వీసాకు అర్హమైన పనుల జాబితాలో లేకుండా పోయింది, వృద్ధుల సంరక్షణ పనికి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం కూడా ఆగిపోయింది. నా క్లాస్‌మేట్ ఒకరు అక్కడ ఆతిథ్య రంగంలో మాస్టర్స్ చేసి, రెండేళ్లు ఒక రెస్టారెంటు వంటగదిలో ఎంతో ఇష్టంగా పనిచేసి, చివరికి వీసా కోసమే డేటా అనలిస్టు ఉద్యోగానికి తిరిగి వెళ్లవలసి వచ్చింది. పని బాగా వచ్చు, యజమానికీ ఆమె కావాలి, అయినా నియమం ఒప్పుకోలేదు.

బ్రిటన్ విషయంలోనే చెప్పుకోవలసిన మరో అవకాశం భారతీయుల కోసం 2023లో మొదలైన యంగ్ ప్రొఫెషనల్స్ పథకం. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసు, డిగ్రీ, 2,530 పౌండ్ల నిల్వ ఉన్నవారు ఉచిత బ్యాలెట్‌లో (లాటరీలో) పేరు నమోదు చేసుకోవచ్చు. ఎంపికైతే యజమాని స్పాన్సర్‌షిప్ లేకుండానే రెండేళ్లు ఉండి, ఇష్టమైన పని చేసుకోవచ్చు. మాస్టర్స్ ఫీజు కట్టకుండానే అంతే స్వేచ్ఛ దొరుకుతుంది కాబట్టి, ఒక వృత్తి తనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవాలనుకునేవారికి ఇది చాలా మంచి దారి అని నా అభిప్రాయం. అయితే ఈ వీసాను పొడిగించరు, కుటుంబాన్ని దీనిపై తీసుకెళ్లడం కుదరదు, బ్యాలెట్‌లో పేరు రావడం మన చేతిలో ఉండదు. పరీక్షించుకోవడానికి ఇది సరిపోతుంది, స్థిరపడటానికి సరిపోదు.

ఇక జర్మనీ. ఇక్కడ మాస్టర్స్ గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు కాబట్టి ఇష్టమైన కొత్త సబ్జెక్టు ఉచితంగా చదువుకోవచ్చని అనుకుంటారు. ఫీజు లేని మాస్టర్స్ కోర్సుల్లో అధికభాగం బ్యాచిలర్స్‌కు కొనసాగింపుగా రూపొందించినవి. మెకానికల్ చదివినవారికి మెకానికల్‌కు దగ్గరి కోర్సుల్లోనే సీటు దొరుకుతుంది. వేరే రంగం వారిని చేర్చుకునే కోర్సులు చాలావరకు ఉద్యోగానుభవాన్నీ ఫీజునూ కోరతాయి. పైగా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకునే వీలున్న ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపించడం, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనన్న ధ్రువీకరణ) తెచ్చుకోవడం కూడా తప్పవు. చదువు తరువాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, అది మంచి గడువే. ఇంజనీరింగ్‌లోనే కొనసాగేవారికి ఈ దారికి మించినది లేదని ఒప్పుకుంటాను. రంగం మార్చుకునేవారికి మాత్రం ఇది చాలా ఇరుకైన దారి.

2023 నవంబరులో జర్మనీ తన వలస చట్టంలో తెచ్చిన ఒక మార్పును మనవాళ్లు పెద్దగా గమనించలేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ గానీ వృత్తి శిక్షణ గానీ ఉన్నవారు, చదివిన రంగంతో సంబంధం లేకుండా, నైపుణ్యం అవసరమైన ఏ ఉద్యోగంలోనైనా చేరవచ్చు. వైద్యం, నర్సింగ్ లాంటి నియంత్రిత వృత్తులు మాత్రం దీనికి మినహాయింపు. చదువుకు తగిన ఉద్యోగాన్నే కోరే బ్లూ కార్డు అనే నివాస అనుమతికి ఇది వర్తించదు. చట్టం ప్రకారమైతే మెకానికల్ బి.టెక్ పట్టాతోనే నేను వడ్రంగిగా చేరవచ్చు. కానీ ఏ వర్క్‌షాపు యజమానీ చిత్రిక పట్టడం రానివాడికి నిపుణుడి జీతం ఇవ్వడు. చట్టం తలుపు తీసినా, పని నేర్చినట్టు రుజువు లేకపోతే లోపలికి అడుగు పెట్టలేము. ఆ రుజువే ఆస్‌బిల్డుంగ్.

ఆస్‌బిల్డుంగ్ అంటే ఒక సంస్థతో శిక్షణ ఒప్పందం చేసుకుని, వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలకు, మిగతా రోజులు పనికి వెళ్లడం. ఎక్కువ వృత్తుల్లో ఇది మూడేళ్లు, కొన్నిటిలో మూడున్నరేళ్లు. సాధారణంగా మొదటి రోజు నుంచే నెలనెలా భత్యం ఇస్తారు. 2025లో మొదలైన శిక్షణలకు మొదటి ఏడాది చట్టబద్ధమైన కనీస భత్యం 682 యూరోలు, అది ఏటా పెరుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సింగ్ శిక్షణకు మొదటి ఏడాదే నెలకు 1,300 యూరోలకు పైగా వస్తుంది. వడ్రంగం లాంటి పనుల్లో అంత రాదు కాబట్టి, ఖర్చుకు తగ్గిన మొత్తాన్ని వీసా సమయంలో బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. వారానికి 20 గంటల వరకు వేరే పని చేసుకునే అనుమతి ఉన్నా, రోజంతా రంపం, ఉలి పట్టుకున్న తరువాత శరీరంలో ఇంకేమీ మిగలదని నా అనుభవం.

ఈ దారి నాకు నచ్చడానికి అసలు కారణం శిక్షణ పూర్తయ్యాక కనిపిస్తుంది. అప్పుడు వచ్చే నివాస అనుమతికి ఆధారం నేను ఎంచుకున్న వృత్తే. కష్టపడి నేర్చుకున్న పనీ, దేశంలో ఉండనిచ్చే కాగితమూ ఒకే దిశలో ఉంటాయి. జర్మనీలోనే శిక్షణ పూర్తిచేసినవారు ఆ తరువాత రెండేళ్లు నిపుణులుగా పనిచేసి, పింఛను చందాలు, భాష వంటి మిగతా షరతులు తీర్చితే శాశ్వత నివాసానికి అర్హులవుతారు. వడ్రంగంలో సొంత వర్క్‌షాపు పెట్టుకోవడానికి సాధారణంగా మైస్టర్ అనే, ఆ వృత్తిలో పైస్థాయి అర్హత కావాలి, జర్మనీ అర్హతల పట్టికలో అది బ్యాచిలర్స్ డిగ్రీతో సమానంగా ఆరో స్థాయిలో ఉంటుంది. "బి.టెక్ చదివి మళ్లీ కింది మెట్టుకా?" అని బాధపడే తల్లిదండ్రులకు నేను ఈ విషయమే చెబుతుంటాను, మా నాన్నగారికీ ఇదే చెప్పాను.

నష్టాలనూ అంతే స్పష్టంగా చెప్పాలి. మొదటిది భాష. వీసాకు సాధారణంగా జర్మన్‌లో బి1 (మధ్యస్థ) స్థాయి, నర్సింగ్‌కు చాలాచోట్ల దానిపై మెట్టు బి2 అడుగుతారు. నేను బి1 పాసై వచ్చినా, యంత్రాల హోరులో మాస్టరు యాసలో అరిచే మాట అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. రెండోది వయసు. నా తరగతిలో పదిహేడేళ్ల పిల్లలున్నారు, వాళ్లకంటే నేను పదేళ్లు పెద్దవాణ్ణి. ఉన్నత చదువుకు అర్హత ఉన్నవారు శిక్షణను ఏడాది వరకు తగ్గించమని సంస్థతో కలిసి కోరవచ్చు, కానీ చేతిపనిలో ఆ తొందర మంచిది కాదని నేను కోరలేదు. మూడోది ఎక్కువమందికి తెలియదు: వడ్రంగం లాంటి కొన్ని పనుల్లో కొన్ని రాష్ట్రాల్లో మొదటి ఏడాది పూర్తిగా పాఠశాలలోనే గడుస్తుంది, ఆ ఏడాది భత్యం ఉండదు. ఒప్పందంపై సంతకం చేసే ముందే ఇది అడిగి తెలుసుకోవాలి. నాలుగోది, మొదటి ఒకటి నుంచి నాలుగు నెలల ప్రొబేషన్‌లో సంస్థ మనల్ని ఎప్పుడైనా ఆపేయవచ్చు. మన తప్పు లేకుండా శిక్షణ ఆగిపోతే మరో చోటు వెతుక్కోవడానికి ఆరు నెలల వరకు గడువు ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ భరోసా చిన్నది కాదు.

బి.టెక్ వృథా అయిందా అని అడిగేవారికి నా జవాబు లేదనే. డ్రాయింగ్ చదవడం, కొలతల్లో ఎంత తేడా సహించవచ్చో లెక్కవేయడం, సీఎన్‌సీ యంత్రం నడిపించడం నాకు మొదటి నెలలోనే పనికొచ్చాయి. చెక్క తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుందని, అదీ నారకు అడ్డంగా ఎక్కువ, పొడవునా తక్కువ అని మాస్టరు చెప్పినప్పుడు, కాలేజీలో బట్టీపట్టిన పదార్థ ధర్మాల పాఠం మొదటిసారి చేతికి తగిలింది. శిక్షణ చివర ప్రతి ఒక్కరూ తామే రూపొందించిన ఒక వస్తువును తయారుచేసి పరీక్షకు చూపించాలి. నాది రాతబల్ల, దాని గీతలు ఇప్పటికే మొదలుపెట్టాను.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రేలియా 2024 నుంచి భారతీయులకు ఏడాదికి 1,000 చొప్పున వర్క్ అండ్ హాలిడే వీసాలు ఇస్తోంది. అందులో సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పనిచేయకూడదు కాబట్టి వృత్తి నేర్చుకోవడానికి అది కుదరదు. కెనడాలో డిగ్రీ స్థాయి చదువు తరువాత వచ్చే వర్క్ పర్మిట్ ఏ యజమాని దగ్గరైనా చెల్లుతుంది, ఫీజు భరించగలవారు చూడవచ్చు. జపాన్‌లో డిగ్రీ ఏదైనా సరే, భాషా బోధన, అనువాద ఉద్యోగాలకు వీసా దొరుకుతుంది. జపనీస్ మీద ప్రేమ ఉన్నవారికి అది మంచిదే.

ఏ వృత్తి కావాలో ఇంకా తేలనివారు ఆస్‌బిల్డుంగ్‌లో చేరవద్దని నా మనవి. మూడేళ్లు తక్కువ కాలం కాదు. వారికి బ్రిటన్ బ్యాలెట్ లేదా మన దేశంలోనే ఏదైనా వర్క్‌షాపులో కొన్ని నెలల పని మేలు. ఇంట్లో అప్పు ఉండి వెంటనే సంపాదించవలసినవారికి కూడా ఈ భత్యం చాలదు. వృత్తి తేలినవారికి మాత్రం నేను వేరే దారి సూచించలేను.

ఆ నిర్ణయం తీసుకున్నవారు కన్సల్టెన్సీకి "ప్లేస్‌మెంట్ చార్జీ" కట్టే ముందు ఒక్కసారి ఆగాలి. నేను అలా కట్టి పోగొట్టుకున్న డబ్బు నా భాషా కోర్సు ఫీజుకు మూడు రెట్లు, వాళ్లు తెచ్చిన ఒప్పందం నేను అడిగిన వృత్తిలో కూడా కాదు. శిక్షణ స్థానాలు జర్మనీ ఉపాధి సంస్థ వెబ్‌సైటులో, వృత్తి మండళ్ల పేజీల్లో అందరికీ కనిపిస్తాయి. ఇప్పుడున్న చోటు నాకు అలాగే, నలభైకి పైగా ఉత్తరాలు రాశాక దొరికింది. బి1, తగిన చదువు ఉండి 35 ఏళ్లలోపు వయసున్నవారు శిక్షణ చోటు వెతుక్కోవడానికే తొమ్మిది నెలల వరకు వీసా తీసుకుని, రెండేసి వారాలు ప్రయోగాత్మకంగా పనిచేసి చూసే వీలూ ఉంది. తరగతులు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులో మొదలవుతాయి, మంచి సంస్థలు అంతకు ఏడాది ముందే దరఖాస్తులు తీసుకుంటాయి. ఏమీ రాని స్థితి నుంచి బి1 చేరడానికి నాకు పది నెలలు పట్టింది. వచ్చే ఏడాది కాక ఆపై ఏడాది సెప్టెంబరును లక్ష్యంగా పెట్టుకుని, భాషా తరగతిలో ఈ నెలే చేరితే కాలం సరిగ్గా సరిపోతుంది.