టెంటు కన్నా ముందు కింద పరిచేది చూసుకోండి

డిసెంబర్లో కర్ణాటక కొండల్లోని సకలేశ్‌పూర్ దగ్గర ఒక కాఫీ తోటలో రెండు రాత్రులు టెంట్లో ఉండి బెంగళూరు వచ్చాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, అత్తయ్య. అందరం హాయిగా నిద్రపోయాం. పోయినేడాది ఇదే చోట తెల్లవార్లూ వణికిపోయాం కాబట్టి ఈసారి ఏం మార్చామో రాస్తున్నా.

అప్పుడు చుట్టాలొస్తే ఇంట్లో వేసే గాలి పరుపు పట్టుకెళ్లాం, మెత్తగా ఉంటుంది కదా అని. రాత్రి రెండయ్యేసరికి ఐసు మీద పడుకున్నట్టే ఉంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పినా లాభం లేదు. ఆ పరుపులో ఉన్నది ఒట్టి గాలే, అది లోపల తిరుగుతూ ఒంటి వేడిని కిందికి లాగేస్తుంది. స్లీపింగ్ బ్యాగు కూడా అడుగు నుంచి వచ్చే చలిని పెద్దగా ఆపలేదు, మన బరువుకి దాని దూది అణిగిపోతుంది.

అందుకే సర్జాపూర్ రోడ్డులో ఆటలు, క్యాంపింగ్ సామాన్లు అమ్మే డెకాథ్లాన్ షాపుకి వెళ్లి సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్లు తీసుకున్నాం. లోపల ఫోమ్ ఉంటుంది, మూత తిప్పి వదిలేస్తే అదే పొంగుతూ గాలి పీల్చుకుంటుంది, చివర్లో నోటితో కొంచెం ఊది బిగిస్తే చాలు. కొనేటప్పుడు ఆర్ వాల్యూ అడగండి, ఆ నంబరు ఎంత ఎక్కువుంటే నేల చలి అంత తక్కువ తగులుతుంది. పిల్లలకి సన్నవి సరిపోయాయి. నేను పక్కకి తిరిగి పడుకుంటాను, సన్నదాని మీద తుంటి నేలకి తగిలింది, మందంది తీసుకున్నా. ఇదంతా షాపులోనే పరిచి పడుకుని చూశాను, మీరూ మొహమాటపడకండి.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. "చలి సంగతి సరే గానీ, కింద నుంచి లేవడమే నా వల్ల కాదమ్మా" అన్నారు, అందుకని ఆవిడకి మడత మంచం. దాని మీద కూడా మ్యాట్ వేయాల్సిందే, కింద నుంచి గాలి ఆడుతుంది. కుర్చీ కూడా ఎత్తుగా, చేతులున్నదే తీసుకోండి. పొట్టి కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లని ప్రతిసారీ ఎవరో ఒకరు లేపాలి.

టెంటు మీద ఇంతమందికి అని రాసిన సంఖ్యని నమ్మి కొనకండి. మేం చూసిన నలుగురి టెంట్లో పడక వెడల్పు 240 సెంటీమీటర్లు, అంటే మనిషికి 60. సామాను ఎక్కడ పెడతాం? మాకు ఆరుగురిది కరెక్టుగా సరిపోయింది. పొద్దున పై గుడ్డకి లోపలి వైపు తడి కనిపిస్తే కారిందని టెన్షన్ పడకండి, అది మన ఊపిరి తేమే, గాలి కిటికీలు కొంచెం తెరిచి పడుకుంటే తగ్గుతుంది.

మాకు ఇబ్బందిగా అనిపించింది ఒక్కటే, ఈ మ్యాట్లు చాలా చోటు తింటాయి. ఐదు మ్యాట్లు, మంచం పెట్టేసరికి కారు డిక్కీ నిండిపోయింది, బట్టల బ్యాగులు పిల్లల కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. కారు టెంటు దాకా వెళ్లని చోటైతే మంచం మోసుకెళ్లడం కష్టం, బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.