చీరల కొట్టుకు వాట్సాప్ బిజినెస్ ఎంతవరకు పనికివస్తుంది?

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే మా చిన్న కొట్టుకు ప్రచారం చేసిపెడతామన్న ఒక ఏజెన్సీ, అయిదు వేదికల్లో ఖాతాలు తెరిచి, అన్నింటిలోనూ ఒకే పండుగ శుభాకాంక్షల బొమ్మ పెట్టి, ఆరు నెలల రుసుము తీసుకున్నది. ఆ బొమ్మ చూసి మెట్లెక్కినవారు ఒక్కరూ లేరు. ఆ తరువాత నేను చిన్న వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ మీదనే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. ఇందులోని కేటలాగులో 500 వస్తువుల వరకు ధరతో సహా ఉంచవచ్చు. వాకిట్లో పగటి వెలుగులో తీసిన నిజాం అంచు చీర ఫొటో పంపగానే, "జరీ దగ్గరగా చూపించండి, కొంగు ఎలా ఉంది?" అని అడిగేవారికి అక్కడికక్కడే జవాబివ్వగలగడం దీని అసలు బలం. అయితే ఒకే సందేశాన్ని చాలామందికి ఒకేసారి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి ఉన్నది. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది కనుక కొత్తవారిని తెచ్చే పని దీనివల్ల కాదు. అందుకోసం ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి రెండు రీల్స్ పెడుతున్నాను, మగ్గం చప్పుడుతో సహా. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఫాలోవర్లందరినీ ఒక్కసారిగా పోగొట్టుకున్నవారిని ఎరుగుదును కనుక, రీల్ చూసి పలకరించినవారి నంబరు అడిగి రాసుకోవడం మాత్రం మానను. ఉద్యోగ, వృత్తి పరిచయాల కోసం వాడే లింక్డ్‌ఇన్‌లోని ఖాతాను మూసివేశాను. చీర కొనడానికి అక్కడికి ఎవరు వస్తారు?