వెల్‌క్రో రెక్కల స్వాడిల్: చేతులకు కట్టు, కాళ్ళకు చోటు

పుట్టిన కొత్తలో పసిబిడ్డ నిద్రలో ఉన్నట్టుండి రెండు చేతులూ బారచాచి, ఎవరో పైనుంచి వదిలేసినట్టు ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటుకే మెలకువ వచ్చి ఏడుస్తుంది. వైద్యులు మొరో రిఫ్లెక్స్ అని పిలిచే ఈ స్పందన సాధారణంగా 4 నుంచి 6 నెలల వయసులోపు దానంతటదే పోతుంది. బిడ్డ చేతులను ఒంటికి దగ్గరగా పట్టి ఉంచి, ఆ ఉలికిపాటు నిద్రను చెడగొట్టకుండా చూడటమే స్వాడిల్, అంటే పసిబిడ్డను చుట్టే గుడ్డ, పని. మా బిడ్డకు మేము వాడినది నూలుతో కుట్టిన రెడీమేడ్ రకం. కాళ్ళ వైపు సంచి ఉంటుంది, ఛాతీ మీదుగా ఒకదానిపై ఒకటి వేసి వెల్‌క్రోతో అతికించే రెండు రెక్కలుంటాయి.

ఇందులో మొదట మెచ్చుకోవలసింది కాళ్ళ సంచిని. చంటిబిడ్డ మోకాళ్ళు సహజంగా ముడుచుకుని, తొడలు పక్కలకు విచ్చుకుని ఉంటాయి. వాటిని తిన్నగా చాపి, మోకాళ్ళు జోడించి బిగుతుగా చుడితే, ఇంకా గట్టిపడని తుంటి కీలు నుంచి తొడ ఎముక తొలగే ప్రమాదం పెరుగుతుంది. జపాన్‌లో పసిపిల్లల కాళ్ళను చాపి చుట్టవద్దని 1975లో దేశవ్యాప్తంగా ప్రచారం మొదలుపెట్టాక, తుంటి తొలగిన పిల్లల సంఖ్య బాగా తగ్గింది. కాళ్ళు పైకీ పక్కలకూ కదిలే వీలుండాలని, తుంటి కీలు సమస్యలపై పనిచేసే ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ చెప్పేది కూడా ఇందుకే. మేము వాడిన సంచి అడుగున వెడల్పుగా ఉండటంతో, బిడ్డ కాళ్ళు ఆడించినప్పుడల్లా మోకాళ్ళ ఉబ్బు గుడ్డ మీద రెండు పక్కలా ఎడంగా కనిపించేది. కొనేముందు సంచి అడుగును రెండు చేతులతో సాగదీసి చూడండి. కిందికి పోయేకొద్దీ సన్నబడే సంచి అయితే, దాని మీది బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా అక్కడే వదిలేయండి.

రెక్కల విషయంలో నా అభిప్రాయం అంత సూటిగా లేదు. వెల్‌క్రో ఎంత లాగితే అంత దూరం అతుక్కుంటుంది కాబట్టి, నిద్రమత్తులో ఉన్న చేయి అవసరానికి మించి బిగించేయగలదు. ఛాతీకీ గుడ్డకీ మధ్య రెండు మూడు వేళ్ళు సులువుగా దూరాలి, ఊపిరి తీసినప్పుడు పొట్ట పైకి లేవడం కనిపించాలి. అలాగని వదులుగా ఉంచినా ముప్పే, ఎందుకంటే జారిన గుడ్డ గడ్డం దాటి నోటిమీదికీ ముక్కుమీదికీ రావచ్చు. ఈ రెండో విషయంలో మాత్రం రెడీమేడ్ రకం పలుచని చదరపు మస్లిన్ గుడ్డ కంటే నయం. మస్లిన్ గుడ్డకు గాలి బాగా ఆడుతుంది, బిడ్డ ఎదిగాక ఇంకో పనికీ వస్తుంది, కానీ అది కదలకుండా నిలవడం పూర్తిగా చుట్టేవారి చేతి వాటం మీద ఆధారపడుతుంది. ఇంట్లో అందరూ ఒకేలా చుట్టలేరు కదా! రెక్కలకు గుర్తుగా కుట్టిన గీత ఉండటం వల్ల ఎవరు వేసినా దాదాపు ఒకే కొలత వచ్చింది.

వెల్‌క్రో చప్పుడు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. అర్ధరాత్రి డైపర్ మార్చాలని రెక్క విప్పితే ఆ చర్రుమనే శబ్దానికి, సగం నిద్రలో ఉన్న బిడ్డ పూర్తిగా లేచి కూర్చున్నంత పనయ్యేది. కింది నుంచి తెరుచుకునే జిప్ ఉన్న రకాల్లో ఈ బాధ తక్కువ. ఉతికేటప్పుడు కూడా వెల్‌క్రోను మూసి వేయకపోతే తక్కిన బట్టల నూలంతా దానికి పట్టుకుని, కొన్నాళ్ళకు అంటుకునే గుణం తగ్గుతుంది.

బట్ట మందం చిన్న విషయంలా కనిపించినా నిర్లక్ష్యం చేయదగినది కాదు. ఉడుకెత్తడం ఆకస్మిక శిశు మరణాల ముప్పును పెంచే కారణాల్లో ఒకటి. కొన్ని కంపెనీలు బట్ట వెచ్చదనాన్ని టాగ్ అనే అంకెతో ముద్రిస్తాయి, అంకె పెరిగేకొద్దీ బట్ట వెచ్చన. మాది ఒంటి పొరది కావడంతో లోపల పలుచని చొక్కా ఒకటి సరిపోయింది. బిడ్డ మెడ వెనుక చేయి పెట్టి చూసినప్పుడు చెమట తగిలితే ఒక పొర తీసేయాలి. టోపీ, పైన దుప్పటి అసలే వద్దు.

ఇంతకీ నిద్ర వచ్చిందా అంటే, ఉలికిపాటుతో లేవడం స్పష్టంగా తగ్గింది. ఆకలికి లేవడం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. చేతులు గుడ్డలో ఉన్నప్పుడు పిడికిలి నోట్లో పెట్టుకునే ఆకలి గుర్తు కనబడదు కనుక, పాలిచ్చే వేళకు స్వాడిల్ విప్పేయడమే మంచిది. చుట్టిన బిడ్డ తేలిగ్గా మేలుకోదన్నది సౌకర్యమే అయినా, వైద్యులు జాగ్రత్త చెప్పేది కూడా అక్కడే. చుట్టిన బిడ్డను పక్కకు తిప్పి గానీ బోర్లా గానీ పడుకోబెడితే ఆకస్మిక మరణం ముప్పు పెరుగుతుందని 2016లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ చూపింది. ప్రతి నిద్రకూ వెల్లకిలానే, గట్టిగా సమతలంగా ఉన్న పరుపు మీద, చుట్టూ దిండ్లూ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. స్వాడిల్ ఆకస్మిక మరణాన్ని నివారిస్తుందన్న మాటకు ఆధారం లేదు, కాబట్టి ఆ మాట ప్యాకెట్ మీద కనిపిస్తే ఆ కంపెనీ తక్కిన మాటలను కూడా అనుమానించవచ్చు. బరువు గింజలు కుట్టిన స్వాడిళ్ళనైతే అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాల్లో వాడవద్దనే చెప్పింది.

నా అసలు ఫిర్యాదు సైజు పట్టిక మీద. పెద్ద సైజు ఎదురుగా 6 నెలల వరకు అని అచ్చు వేశారు. బిడ్డ బోర్లా పడటానికి ప్రయత్నిస్తున్న ఆనవాలు కనిపించిన రోజే చేతులు చుట్టడం ఆపేయాలి. చాలామంది పిల్లల్లో అది 3, 4 నెలలకే వస్తుంది, కొందరిలో ఇంకా ముందే వస్తుంది. చేతులు కట్టి ఉన్న బిడ్డ బోర్లా పడితే తల పక్కకు తిప్పుకునేందుకు చేతి ఊతం ఉండదు. బరువును బట్టి సైజు సరిపోయినంత మాత్రాన వయసుకు సరిపోయినట్టు కాదన్న ముక్క ఆ పట్టిక కింద ఒక్క వాక్యంలో వేసి ఉండవలసింది.

ఆ దశలో రెక్కలను చేతుల కిందుగా ఛాతీ చుట్టూ మాత్రమే వేసే వీలు ఇందులో ఉంది. మేము మొదట ఒక చేయి, తర్వాత రెండోది వదిలాము, కానీ బిడ్డ అప్పటికే ఒత్తిగిలుతుంటే రెండు చేతులూ ఒకేసారి వదలాలి. ఆ తర్వాత చేతులు బయట ఉండే నిద్ర సంచీకి మారవచ్చు. కొనదలచినవారు చిన్న సైజువి రెండు తీసుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నా ఇంకొకటి అందుబాటులో ఉంటుంది. పెద్ద సైజు మాత్రం కొనకండి.