పిల్లి సంచికి టైలరమ్మ రివ్యూ: ఐదుకి రెండు స్టార్లు

రెండు స్టార్లే ఇస్తున్నానండి. ఒకటి వీపు మీది జిప్పుకి. రెండోది, మా సందులోకి బండి రాదని మొదట్లోనే దిగి, ఎండలో నడిచొచ్చి పొట్లం చేతికిచ్చిన కుర్రాడికి.

కంపెనీ పేరు రాయను. ఈ రకం సంచులు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు గానీ, ఫొటోలు పెద్దవి చేసి చూస్తే అన్నిటిదీ ఒకటే కత్తిరింపు. నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఆ మాత్రం తెలుస్తుంది.

సంచి సంగతి. నెట్టు గుడ్డ, 389 రూపాయలు. పిల్లికి స్నానం చేయించడానికీ గోళ్ళు కత్తిరించడానికీ అని రాసుంది. తోక దగ్గర్నుంచి మెడ దాకా వీపు మీద జిప్పు, మెడకి వెల్క్రో పట్టీ, ముందుకాళ్ళు బయటికి తియ్యడానికి చిన్న జిప్పులు రెండు. బొమ్మలో తెల్లపిల్లి ఒకటి పీటల మీద పెళ్ళికూతురులా బుద్ధిగా కూర్చుని ఉంటుంది. అది చూసే మా అమ్మాయి ఆర్డరు పెట్టింది.

మాకు కావలసింది స్నానానికి కాదు. మా సున్నుండకి మందులెయ్యడానికి.

సున్నుండ మూడేళ్ళ కిందట గోదావరి గట్టు మీంచి వానకి తడిసొచ్చి నా గుడ్డముక్కల బుట్టలో పడుకున్నాడు. ఒంటి రంగు వేయించిన మినప్పిండి రంగు, అందుకే ఆ పేరు. మొన్న శ్రావణంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం జాకెట్లు గుట్టలుగా పడున్న వారంలో, తిండి మానేశాడు. ఒళ్ళు కాలిపోతోంది. చంటిపిల్లలకి పోసే జ్వరం సిరప్ ఇంట్లో ఉంటే చెంచాలో వంచాను కూడా. మా అమ్మాయి చూసి చెయ్యి పట్టుకుని ఆపింది. పారాసిటమాల్ పిల్లికి విషమటండి. చుక్కలతో ప్రాణం పోతుందట. ఈ రివ్యూలో మిగతాది చదవకపోయినా ఆ ఒక్కమాట గుర్తుంచుకోండి.

మొదట చూపించినాయన జలుబన్నాడు, రెండు ఇంజక్షన్లు పొడిచి పంపాడు. వారం తిరిగేసరికి చిగుళ్ళు ఉతికి ఆరేసిన పాప్లిన్‌లా తెల్లబడ్డాయి. అప్పుడు వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చిగురు మీద వేలుపెట్టి నొక్కి చూసి, మాట్లాడకుండా రక్తం తీసింది. ఎర్రకణాల వాటాని పీసీవీ అంటారట, పిల్లికి ముప్పైకి పైన ఉంటే మంచిదట. వీడికి 14. ఇంకో మూడు చుక్కలు చిన్న ప్లాస్టిక్ ముక్కలో వేసి పది నిమిషాలు ఆగమంది. నీలం చుక్క తేలింది. ఫెలైన్ లుకేమియా.

లుకేమియా అనగానే నేను మనుషులకొచ్చే రక్త కేన్సరే అనుకుని కూలబడ్డాను. కాదండి, ఇది వైరసు. దీని వల్ల కొన్నిటికి కేన్సరొస్తుంది, కొన్నిటికి ఎముకల్లోని మూలుగు రక్తం తయారుచెయ్యడం మానేస్తుంది, కొన్నిటికి ఒంట్లో శక్తి చచ్చి ఏ చిన్న జబ్బైనా పెద్దదవుతుంది. పిల్లికీ పిల్లికీ మధ్య ఉమ్మితో అంటుతుంది: ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కొట్లాటలో కరుచుకోవడం. తల్లి నుంచి పిల్లలకీ వస్తుంది. మనిషికి రాదు, కుక్కకి రాదు. ఈ సంగతి నా దుకాణానికొచ్చే వాళ్ళకి పదిసార్లు చెప్పాను. అయినా ఒకావిడ పిల్లి మంచం పట్టిందని తెలిసి, కత్తిరించిన నాలుగు జాకెట్లూ కుట్టకుండానే తీసుకుపోయింది. కుట్టుకూలీ పోతే పోయింది, కొలతజాకెట్టు మాత్రం నా దగ్గరే మర్చిపోయింది.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, దానికి ప్రతిదీ తవ్వే అలవాటు. ఈ వైరస్‌ని 1964లోనే గ్లాస్గోలో విలియం జారెట్ అనే పశువైద్యుడూ ఆయన తోటివాళ్ళూ బయటపెట్టారట. టీకా కూడా 1985లో అమెరికాలో వచ్చింది. మరి మేం ఏటా వేయించిన టీకా ఏంటని అడిగితే, అది మూడు జబ్బులకే, అందులో ఇది లేదని డాక్టరమ్మ చెప్పింది. సూది వేయించాం కదా అని మూడేళ్ళూ వాణ్ణి గట్టు మీద తిరగనిచ్చింది నేనే.

మనసొప్పక గన్నవరం వెటర్నరీ కాలేజీకి కూడా తీసుకెళ్ళాం. రావులపాలెం, తణుకు, ఏలూరు మీదుగా బస్సులో, ఒళ్ళో బుట్ట పెట్టుకుని. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు బుట్టలోకి తొంగిచూసి కోడా అని అడిగేవారు. అక్కడా పరీక్షలో అదే తేలింది.

రక్తం ఎక్కించొచ్చు కదా అని మీరూ అడుగుతారు. పిల్లులకీ గ్రూపులున్నాయి, ఎ, బి, ఎబి. మనకున్నట్టు అందరికీ సరిపోయే 'ఓ' గ్రూపు వీటికి లేదు. బి పిల్లికి ఎ రక్తం ఎక్కిస్తే మొదటిసారే ప్రాణం మీదికొస్తుందట. ఇచ్చే పిల్లికి ఈ వైరస్ ఉండకూడదు, బరువూ నాలుగు కిలోల పైన ఉండాలి. ఇంట్లో రెండో పిల్లి బూరె ఉంది గానీ రెండున్నర కిలోలు. పరీక్షలో దానికి లేదని వచ్చింది, నెల దాటాక మళ్ళీ చేయించమన్నారు, చేయించాం, లేదు. దాన్ని మేడమీది గదికి మార్చాం, గిన్నెలు వేరు, మట్టిపెట్టె వేరు. వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, సబ్బునీళ్ళకే చస్తుంది. అదొక్కటే కాస్త ఊరట.

ఇక సంచి. డాక్టరమ్మ రాసిచ్చినవి: స్టెరాయిడ్ బిళ్ళ, రక్తంలో కంటికి కనపడని సూక్ష్మజీవి ఏదైనా ఉందేమోనని డాక్సీసైక్లిన్, రోజు విడిచి రోజు చర్మం కింద సెలైను అరవై మిల్లీలీటర్లు, తిననప్పుడు సిరంజితో తిండి. ఇవన్నీ ఇంట్లో నేను ఒక్కదాన్నే చెయ్యాలి. మా ఆయన సూది చూస్తే కళ్ళు తిరిగే రకం, మా అమ్మాయికి కాలేజీ. అందుకే సంచి.

లోపలికి తిప్పి చూస్తే అంచులు ఓవర్‌లాక్ కూడా లేకుండా పీచులు వేలాడుతున్నాయి. ఆ పీచు పిల్లి చంకలో ఒరుసుకుంటుంది. పది రోజుల్లో సున్నుండకి అక్కడ బొచ్చు రాలింది. ఒంట్లో రోగనిరోధకం లేని పిల్లికి చిన్న గీత పడినా మానడం కష్టం, అది ఈ సంచి కుట్టినవాళ్ళకి తెలీదు. జిప్పు వెనకాల గుడ్డ పట్టీ లేదు, లాగితే బొచ్చు చిక్కుకుంటుంది. పాంటు కుట్టడం నేర్చుకునే పిల్లాడైనా జిప్పు కింద పట్టీ వేస్తాడు కదండీ. వెల్క్రో ఇంకా ఘోరం. చెవుల పక్కన చర్రుమంటుంది. రెండోరోజు నుంచి ఆ చప్పుడు వినగానే మిషను కిందికి దూరి, అక్కడినుంచి రాడు.

ఇవన్నీ సర్దుకునేదాన్ని. సర్దుకోలేనిది గుండెల దగ్గరి బిగువు. కొలతల పట్టీలో మూడు నుంచి ఐదు కిలోల పిల్లికి అని ఉంది. సున్నుండ అప్పటికి రెండు కిలోల ఎనిమిది వందలు, అంటే వదులవ్వాలి. కాలేదు. నెట్టు సాగదు, ఛాతీ చుట్టుకొలత మెడతో పాటు సమానంగా పెట్టేశారు. ఒకరోజు వేసినప్పుడు నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టాడు. పిల్లి కుక్కలా నోరు తెరిచి ఊపిరి తీసిందంటే ప్రమాదమని అప్పటికే చెప్పి ఉన్నారు. జిప్పు లాగాను, బొచ్చు పట్టింది, కదల్లేదు. కత్తెర తీసి పక్క కుట్టు మీద కోసేశాను. వాడు బయటపడి నేలమీద పక్కకి ఒరిగి, పావుగంటకి గానీ మామూలవ్వలేదు. ఆ పావుగంట నేను కత్తెర కింద పెట్టడం మర్చిపోయాను.

ఫోను చేస్తే డాక్టరమ్మ తిట్టలేదు. ఎర్రకణాలు సగానికి పడిపోయిన జీవి, పెనుగులాడితే చాలినంత గాలి ఒంటికి అందదు, పని అవ్వకపోయినా ఫరవాలేదు, పెనుగులాట మొదలైతే వదిలెయ్యండి అంది. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటితే తనకి చెప్పమంది. ఆ లెక్క నా కొలతల పుస్తకంలోనే రాసేదాన్ని, ఒక పేజీలో ఆవిడల చేతిపొడవులు, పక్క పేజీలో వీడి ఊపిర్లు.

ఆ రాత్రే మా ఆయన పాత లుంగీ చింపి నేనొకటి కుట్టాను. అది సంచి కాదు, చుట్టే గుడ్డ. రెండు పొరలు, కుట్టంతా లోపలికి మడిచి. ఛాతీ దగ్గర నా రెండు వేళ్ళు దూరేంత వదులు. వెల్క్రో బదులు మూడు బొందులు, జారుముడి వేస్తే ఒక్క లాగుకి ఊడిపోవాలి. భుజాల మధ్య అరచేయంత కంత, దానికి మూత. సెలైను సూది దిగేది అక్కడే. కంపెనీవాళ్ళ సంచిలో జిప్పు వీపు మీద పెట్టడం మాత్రం మంచి ఆలోచన, అందుకే దానికో స్టారిచ్చాను. సూట్‌కేసుకి ఉన్నట్టు రెండు రన్నర్లు వేసుంటే మెడ తియ్యకుండానే భుజం దగ్గర తెరుచుకునేది, మూడు స్టార్లు వచ్చేవి. మా ఊరి తాడితోట బజారు హోల్‌సేలులో ఆ రన్నరు కొంటే రూపాయలే.

లుంగీ గుడ్డలో వాడు గింజుకోలేదు. కొంత వాసన అలవాటేమో. సెలైను బాటిలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి తీసి, కుట్టిన జాకెట్లు తగిలించే కడ్డీకే వేలాడదీసేదాన్ని. ఎక్కిస్తుంటే భుజాల మీద ఒంటె మూపురంలా ఉబ్బుతుంది, తర్వాత ఒక కాలివైపు జారి సాయంత్రానికి ఇంకిపోతుంది. మొదటిసారి చూస్తే భయమేస్తుంది, అది మామూలే. ఎంతో మాత్రం డాక్టరే చెప్పాలి, రక్తం పలచబడ్డ పిల్లికి నీరెక్కువైతే ఊపిరాడదు.

డాక్సీసైక్లిన్ బిళ్ళ మింగించి వదిలెయ్యకండి. గొంతులో అతుక్కుని పుండు పడుతుంది. వెంటనే ఐదు మిల్లీలీటర్ల నీళ్ళో, పల్చటి కోడిమాంసం నీళ్ళో పట్టాలి. తిండి సిరంజి పక్క దవడ నుంచి, ఒక్కో మిల్లీలీటరు, తల పైకెత్తకుండా. ఉడకబెట్టిన కోడి, చేప మిక్సీలో తిప్పి పెట్టాను, ఉప్పు కూడా లేకుండా. మిగిలిన కూరలోంచి తీసి పెట్టేద్దామనుకోకండి. ఉల్లిపాయా వెల్లుల్లీ పిల్లి ఎర్రకణాల్ని పగలగొడతాయి, ఉన్న 14లో ఇంకా పోతుంది. బజారునుంచి తెచ్చిన పచ్చి చేపతలలు వాడికి ప్రాణం, అవీ మానిపించాం.

కార్తీకంలో పీసీవీ 19కి వచ్చింది. ఆ నెలంతా వాడు మిషను బల్ల ఎక్కి దారపురీలు కింద పడేస్తూనే ఉన్నాడు, నేను ఏరుతూనే ఉన్నాను. భోగికి రెండు రోజుల ముందు పోయాడు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

సంచి వాపసు పెడితే తీసుకోలేదు. కత్తెరతో కోసిన సరుకు ఎందుకు తీసుకుంటారు, నిజమే. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి గోళ్ళు కత్తిరించడానికైతే కొనుక్కోండి, లోపలి అంచులు ముందు ఒకసారి ఓవర్‌లాక్ చేయించుకోండి, ఎక్కడైనా పది రూపాయలకి చేస్తారు. రక్తం తక్కువున్న పిల్లికి మాత్రం కొనకండి. లుంగీ గుడ్డ మీటరు చాలు. ఛాతీ చుట్టుకొలత ముందుకాళ్ళ వెనకనుంచి తీసుకుని రెండంగుళాలు కలపండి, పొడుగు మెడ కుదురునుంచి తోక మొదలు దాకా. పిల్లి నిద్రపోతున్నప్పుడు టేపు పెట్టండి. లేచిందంటే టేపు దానిదే.