ఏసీ మెకానిక్ పైలట్ కోచింగ్‌కి వెళ్తే: ఏడు నెలల తర్వాత నా రివ్యూ

ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయను. కట్టిన డబ్బులో కొంత ఇంకా వాపసు రావాలి, అది చేతికొచ్చేదాకా గొడవ పెట్టుకునే ఓపిక లేదు. హైదరాబాద్‌లోనే, శని ఆదివారాలు క్లాసు, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నరకి ఆన్‌లైన్. విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ పెట్టే సీపీఎల్ పరీక్షలకి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం రాయాల్సిన థియరీ పేపర్లకి కోచింగ్ అన్నమాట, ఇక్కడ విమానం ఎక్కించరు. ఫీజు రెండు లక్షల ఇరవై వేలు. అయిదుకి మూడు మార్కులేస్తా, అందులో రెండున్నర వాతావరణం సబ్జెక్టు చెప్పే ఒక్క సారుకే.

నేను మల్లేపల్లి ఐటీఐలో ఏసీ, ఫ్రిజ్ ట్రేడ్ చేసి తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. పది అవగానే ఐటీఐలో చేరాను కాబట్టి ఇంటర్ లేదు, సీపీఎల్‌కేమో ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతారు. అందుకని ముందు ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో ఆ రెండూ కలిపి ఇంటర్ పాసయ్యా, ఆ తర్వాతే ఇక్కడ గుమ్మం తొక్కా. విచిత్రం ఏంటంటే కౌన్సెలింగ్‌లో కూర్చున్న అతను నా చదువేంటో అడగనే లేదు. "బ్రదర్, 18 నెలల్లో మీరు ఎయిర్‌బస్‌లో ఉంటారు" అని మొదలుపెట్టాడు. బ్రోషర్ వెనక పెన్నుతో లెక్క వేశాడు: కోచింగ్ ఇంత, ఫ్లయింగ్ 48 లక్షలు, కింద ఒక గీత, టోటల్. మరి టైప్ రేటింగ్ ఏది అని అడిగితే "అది తర్వాత చూసుకోవచ్చు బ్రదర్" అన్నాడు. లైసెన్సు చేతికొచ్చినా ఎయిర్‌బస్ 320 నడపాలంటే ఆ రకం విమానానికి విడిగా ట్రైనింగ్ కావాలి, దానికి మళ్లీ ఓ 15, 20 లక్షలు. మేం కొటేషన్‌లో రాగి పైపు, స్టాండు, డ్రెయిన్ పైపు రాయకుండా మెషిన్ రేటు ఒక్కటే చెబితే కస్టమర్ ఊరుకుంటాడా?

సరే, క్లాసుల సంగతి. మెట్ చెప్పే సారు ఎయిర్ ఫోర్స్‌లో చేసి రిటైరయ్యారు. మెట్ అంటే వాతావరణం సబ్జెక్టు. మొదటి వారంలోనే డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) గురించి చెబుతూ ఎవరికైనా తెలుసా అంటే ఇంజినీరింగ్ పిల్లలు డెఫినిషన్ చెప్పారు, నేను ఏసీలో సక్షన్ లైన్ (చల్లటి గ్యాసు కంప్రెసర్‌కి తిరిగొచ్చే పైపు) మీద నీళ్లు పట్టడం గురించి చెప్పా. ఆయన నవ్వి, బోర్డు మీద బయటి ఉష్ణోగ్రత 34, డ్యూ పాయింట్ 24, 34 మైనస్ 24 అని రాసి, తేడా 10, ఒక్కో డిగ్రీకి 400 అడుగులు, అంటే ఇవాళ మధ్యాహ్నం మబ్బు అడుగు సుమారు 4,000 అడుగుల మీద ఉంటుంది, బయటికెళ్లి చూసుకోండి అన్నారు. నిజంగానే అందరం టెర్రస్ ఎక్కాం. కొలిచేది ఎలాగూ లేదు కానీ ఆ లెక్క నేను ఇక జన్మలో మర్చిపోను.

ఇంకో రోజు కార్బురేటర్ ఐసింగ్. చిన్న ట్రైనింగ్ విమానాల ఇంజన్లు కొన్నిటికి ఇప్పటికీ కార్బురేటరే. గాలి ఇరుకు సందులోంచి దూరేటప్పుడు, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు అక్కడ చల్లబడి, బయట 20, 25 డిగ్రీలున్నా సరే, గాలిలో తేమ ఉంటే లోపల ఐసు కడుతుంది, ఇంజన్ పవర్ మెల్లగా పడిపోతుంది. ఫ్రిజ్‌లో మాయిశ్చర్ చోక్ చూసిన ఏ మెకానిక్‌కైనా ఇది చెప్పక్కర్లేదు. క్యాపిలరీ (గ్యాసు వెళ్లే సన్నటి గొట్టం) చివర తేమ గడ్డకట్టి కూలింగ్ ఆగిపోతుంది, కాసేపు ఆపితే కరిగిపోయి మళ్లీ బాగానే పనిచేస్తుంది, మనం వెళ్లేసరికి కస్టమర్ "ఇందాకటిదాకా పనిచేయలేదండీ" అంటాడు. విమానంలోనూ అంతేనట, దిగాక విప్పి చూస్తే ఐసు కరిగిపోయి ఉంటుంది, ఆనవాలు దొరకదు. తొమ్మిదేళ్ల పని ఒక్క క్లాసులో పనికొచ్చినట్టు అనిపించింది. (లాగ్‌బుక్‌లో మాత్రం ఆ తొమ్మిదేళ్లకి సున్నా. లైసెన్సుకి కావాల్సింది 200 గంటల ఫ్లయింగ్, దానికి షార్ట్‌కట్ లేదు.)

రెగ్స్, అంటే రూల్స్ సబ్జెక్టు, పర్వాలేదు, బట్టీనే. నావిగేషన్ మాత్రం ఘోరం. ఆ సారు స్లైడులు చదువుతారు, అంతే. 60 నాటికల్ మైళ్ల దారిలో ఒక డిగ్రీ తప్పితే ఒక మైలు పక్కకి పోతాం అనే చిన్న సూత్రాన్ని నలభై నిమిషాలు చదివి, మాతో ఒక్క లెక్కా చేయించలేదు. గుండ్రటి ఫ్లైట్ కంప్యూటర్ (చేత్తో తిప్పి లెక్కలు చూసుకునే చక్రం) తిప్పడం చివరికి నేను పక్క సీటు అమ్మాయి దగ్గర నేర్చుకున్నా.

టైమింగ్ ఇంకో బాధ. బ్యాచ్ మార్చిలో మొదలైంది. ఎండాకాలం మాకు పంట చేతికొచ్చే కాలం, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదికి కూడా ఫోన్లు ఆగవు. రికార్డింగులు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా, కానీ వారం దాటితే అవి మాయం. ఇంకో నెల ఉంచమంటే ఎక్స్‌ట్రా కట్టమన్నారు. ఆర్‌టీఆర్ కూడా అంతే, రేడియోలో మాట్లాడే పరీక్షకి ప్రాక్టీసు ఫీజులోనే ఉందని చెప్పి, 25 వేలు విడిగా తీసుకుని, రెండు క్లాసులయ్యాక చెప్పేవాళ్లు మానేశారు. నేను అడుగుతున్న వాపసు ఇదే. రేడియోలో అక్షరాలు, అంకెలు పలికే పద్ధతిలో ఆల్ఫా, బ్రావో, చార్లీ, నైనర్ అంటూ బండి మీద హెల్మెట్‌లో నాకు నేనే చెప్పుకుంటూ పోతున్నా, సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు చూస్తున్నారు.

చేరాలనుకునే వాళ్లు, ముఖ్యంగా నాలా ఏదో ఒక పనిలో ఉండి ఆలోచించేవాళ్లు, మొత్తం ప్యాకేజీ తీసుకోకండి. విడివిడి సబ్జెక్టులకి కూడా చేర్చుకుంటారు, వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి. ఇక్కడ మెట్ ఒక్కటి చాలు. దానికన్నా ముందు మెడికల్ చేయించుకోండి. క్లాస్ 2 డీజీసీఏ లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గర అయిపోతుంది, లైసెన్సుకి కావాల్సింది క్లాస్ 1. అందులో రంగులు గుర్తుపట్టడం, చెవి పరీక్ష కూడా ఉంటాయి. చిల్లర్ ప్లాంట్ రూముల్లో ఇయర్ ప్లగ్ లేకుండా తిరిగిన వాడిని కదా, నాకు ఆ చెవి పరీక్షంటేనే టెన్షన్. ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టేదాకా మెడికల్ మాటే ఎత్తలేదు, అది నాకు మరీ తప్పనిపించింది. నాతో చేరిన ఒకబ్బాయి నాలుగు నెలలు చదివాక రంగుల పరీక్షలో ఆగిపోయాడు, ఫీజు పోయినట్టే.

ఇంతకీ ఫ్లయింగ్ డబ్బు సంగతేంటని మా ఓనరన్న కూడా అడిగాడు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి, మాకున్నది షాద్‌నగర్ దగ్గర ఎకరం పావు, దాన్ని పేపర్లన్నీ పాసవకముందే పెట్టమని అమ్మని అడిగే ధైర్యం నాకు లేదు. కాబట్టి పని మానలేదు. పేపర్లు, క్లాస్ 1, ఆ తర్వాతే బ్యాంకు. కౌన్సెలర్ చెప్పిన 18 నెలలు నా లెక్కలో నాలుగేళ్లు.

పాస్ మార్కు 70 శాతం. మెట్‌లో 84, రెగ్స్‌లో 71, నావిగేషన్‌లో 64, అంటే ఫెయిల్. క్లాస్ 1 కోసం వచ్చే నెల బెంగళూరు వెళ్తున్నా. ఆ 25 వేలు వస్తే ఇంకో అర మార్కు కలుపుతా.